బిస్మిల్లాహ్: తరచుగా అడిగే ప్రశ్నలు

పుస్తకం తెరిచినా, ముద్ద నోట్లో పెట్టుకోబోయినా, బండి తాళం తిప్పినా ముస్లింల నోట ముందుగా వచ్చే మాట ‘బిస్మిల్లాహ్’. మాట చిన్నదే, దాని చుట్టూ ఉన్న ప్రశ్నలే చాలా. ఇంట్లో పిల్లలు అడిగేవి, ఇస్లాం గురించి కొత్తగా చదువుతున్నవాళ్లు అడిగేవి, నమాజు అయ్యాక పెద్దవాళ్లు వాదించుకునేవి కొన్ని ఇక్కడ ఒకచోట చేర్చాం. మస్లక్‌ను (షాఫయీ, హనఫీ, హంబలీ, మాలికీ వంటి ధర్మశాస్త్ర సంప్రదాయాన్ని) బట్టి అభిప్రాయం మారే చోట ఎవరి మాట ఏమిటో విడిగా చెప్పాం. పేర్ల పక్కన వచ్చే (స), (అ), (రజి) గౌరవంగా పలికే దీవెనల పొట్టి రూపాలు.

పూర్తి వాక్యం ఏమిటి? అర్థం ఏమిటి?

‘బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.’ అంటే ‘అనంత కరుణామయుడు, అపార కృపాశీలుడు అయిన అల్లాహ్ పేరుతో’ అని. క్లుప్తంగా అనాలంటే ‘బిస్మిల్లాహ్’, అల్లాహ్ పేరుతో, అంటే చాలు. ఈ మొత్తం వాక్యాన్ని అరబ్బీలో ‘బస్మలా’ అంటారు. దాన్ని పలకడాన్ని ‘తస్మియా’ అంటారు.

‘అల్లాహ్ పేరుతో’ అని ఆగిపోతుందేమిటి? ఏం చేస్తున్నట్టు?

అరబ్బీ వాక్యంలో నిజంగానే క్రియ లేదు. ఖురాన్ వ్యాఖ్యాతలు దీని మీద పేజీలకు పేజీలు రాశారు. ఎక్కువమంది తేల్చింది ఇది: చేయబోయే పనే ఆ ఖాళీలోకి వస్తుంది. చదవబోయేవాడు అంటే ‘అల్లాహ్ పేరుతో చదువుతున్నాను’ అని, తినబోయేవాడు అంటే ‘తింటున్నాను’ అని, తలుపు మూసేవాడు అంటే ‘మూస్తున్నాను’ అని. క్రియ విప్పి చెప్పలేదు కాబట్టే ఒకే మాట అన్ని పనులకూ సరిపోతోంది.

ఇక ‘పేరుతో’ అన్న మాట సంగతి. రాజు పేరు చెప్పి వచ్చిన దూత సొంత పెత్తనం చెలాయించలేడు. రాజు ఒప్పుకోని పని ఆ పేరు మీద చేయలేడు. చేస్తే జవాబు చెప్పుకోవాలి. బిస్మిల్లాహ్‌లో కూడా ఈ రెండూ ఉన్నాయి. సాయం అడగడం ఒక సగం, హద్దు గీసుకోవడం ఇంకో సగం. మనలో చాలామందికి మొదటి సగమే గుర్తుంటుంది. పని బాగా జరగాలని అంటాం, ఆ పని అసలు ఆ పేరుతో చేయదగ్గదేనా అని ఆగి చూసుకోం. ఈ పేజీలో కింద వచ్చే చాలా జవాబులు ఆ రెండో సగం నుంచే వస్తాయి.

రహ్మాన్, రహీమ్ రెండూ కరుణ గురించేగా? రెండుసార్లు ఎందుకు?

రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవే, కానీ ఒకటి కాదు. వ్యాఖ్యాతల్లో బాగా ప్రచారంలో ఉన్న వివరణ ప్రకారం ‘రహ్మాన్’ అంటే నమ్మినవాళ్లూ నమ్మనివాళ్లూ అన్న తేడా లేకుండా సృష్టి మొత్తాన్నీ ముంచెత్తే కరుణ. గాలి, నీరు, ఆహారం అందరికీ అందడం ఆ కోవలోదే. ‘రహీమ్’ అంటే ఎడతెగకుండా అందుతూ ఉండే కరుణ, ముఖ్యంగా విశ్వాసుల మీద. ‘ఆయన విశ్వాసుల పట్ల రహీమ్’ అని ఖురాన్ 33వ సూరా (అధ్యాయం) 43వ ఆయతు (వాక్యం) అంటుంది.

వాడకంలో ఇంకో తేడా ఉంది. రహ్మాన్ అన్న పేరు అల్లాహ్‌కి తప్ప ఇంకెవరికీ వాడరు. మనుషులకి పెట్టాలంటే అబ్దుర్రహ్మాన్, అంటే రహ్మాన్ దాసుడు అని పెట్టాలి. రహీమ్‌కి అంత కట్టుబాటు లేదు. ఖురాన్ 9వ సూరా 128వ ఆయతులో ప్రవక్త ముహమ్మద్ (స) గురించి కూడా రహీమ్ అన్న విశేషణం వచ్చింది.

మక్కాలోని ఖురైషు తెగవాళ్లకు రహ్మాన్ అన్న పేరు అంతగా రుచించలేదు. ‘రహ్మాన్‌కి సాష్టాంగపడండి అంటే, రహ్మాన్ అంటే ఏమిటి అని అడుగుతారు’ అని 25వ సూరా 60వ ఆయతులో ఉంది. ‘అల్లాహ్ అని పిలవండి, రహ్మాన్ అని పిలవండి, ఎలా పిలిచినా మంచి పేర్లన్నీ ఆయనవే’ అని 17వ సూరా 110వ ఆయతు ఆ పేచీని తీర్చింది. దక్షిణాన యెమెన్‌లో మాత్రం ఇస్లాంకి ముందునాటి శాసనాల్లోనే దేవుణ్ని ‘రహ్మానన్’ అని పిలిచారు.

ఖురాన్‌లో ఇది ఎన్నిసార్లు వస్తుంది?

మొత్తం 114 సార్లు. ఖురాన్‌లో సూరాలు కూడా 114 కాబట్టి సూరాకి ఒకటి చొప్పున అనుకుంటాం, కానీ లెక్క అలా కుదరదు. 113 సూరాలకు మొదట్లో ఉంది, 9వ సూరా తౌబాకి లేదు. 114వది 27వ సూరా నమ్ల్ మధ్యలో, 30వ ఆయతులో ఉంది.

అది ఒక ఉత్తరం. సులైమాన్ ప్రవక్త (అ) సబా రాణికి రాసి హుద్‌హుద్ పక్షి చేత పంపింది. రాణి దాన్ని చదివి తన కొలువులోని పెద్దలతో, ‘నాకు ఒక గౌరవప్రదమైన లేఖ వచ్చింది. అది సులైమాన్ దగ్గర్నుంచి. బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్ అని మొదలైంది. నా మీద పెత్తనానికి పోకండి, విధేయులై నా దగ్గరికి రండి అని ఉంది’ అంటుంది. మొత్తం ఉత్తరం అంతే. రాజుల మధ్య నడిచిన లేఖ, అందులో గద్దింపు కూడా ఉంది, అయినా మొదలైంది కరుణ గురించిన రెండు పేర్లతో.

దీనికి దగ్గరి రూపాలు ఇంకా రెండు ఉన్నాయి. ఓడ ఎక్కేటప్పుడు నూహ్ ప్రవక్త (అ) ‘దీని నడకా, దీని ఆగడమూ అల్లాహ్ పేరుతోనే’ అంటారు (11:41). 610వ సంవత్సరంలో మక్కా దగ్గరి హిరా గుహలో ప్రవక్త (స)కు దిగిన మొదటి వాక్యం కూడా ‘సృష్టించిన నీ ప్రభువు పేరుతో చదువు’ (96:1).

తౌబా సూరాకి బిస్మిల్లాహ్ ఎందుకు లేదు?

రెండు వివరణలు వినిపిస్తాయి, రెండూ ప్రవక్త (స) సహాబాల (సహచరుల) పేరు మీద వచ్చినవే. అలీ (రజి) చెప్పినట్టు ప్రచారంలో ఉన్నది: బిస్మిల్లాహ్ అభయం, తౌబా సూరా మొదలయ్యేదేమో ఒప్పందాలు తప్పిన ముష్రిక్కులతో (బహుదైవారాధకులతో) తెగతెంపుల ప్రకటనతో. రెండూ ఒకచోట పొసగవు. రెండోది ఖురాన్‌ను ఒకే ప్రతిగా రాయించిన ఖలీఫా ఉస్మాన్ (రజి) చెప్పినది. ఇబ్న్ అబ్బాస్ (రజి) సూటిగా అడిగితే ఆయన, ముందున్న అన్ఫాల్ సూరా విషయమూ తౌబా విషయమూ ఒకదాన్నొకటి పోలి ఉన్నాయని, తౌబా దానిలో భాగమా కాదా అని చెప్పకుండానే ప్రవక్త (స) కన్నుమూశారని, అందుకే రెంటినీ పక్కపక్కన పెట్టి మధ్యలో బిస్మిల్లాహ్ రాయలేదని బదులిచ్చారు.

మొదటిది చెప్పడానికి బాగుంటుంది. రెండోది ఇంకా విలువైనదని మాకనిపిస్తుంది. తమకు స్పష్టంగా అందని చోట ఒక్క వాక్యమైనా సొంతంగా చేర్చడానికి సహాబాలు చెయ్యి ఎత్తలేదని అది చెబుతోంది. నేటికీ అన్ఫాల్ నుంచి తౌబాలోకి వెళ్లేటప్పుడు ఖారీలు (ఖురాన్ పఠించేవాళ్లు) బిస్మిల్లాహ్ చదవరు.

ఫాతిహా సూరాలో ఇది మొదటి ఆయతా, కాదా?

ఫాతిహా ఖురాన్‌లో మొదటి సూరా. దానికి ఆయతులు ఏడే అని అందరూ అంటారు. ఏడు ఎలా వచ్చాయన్నదే తేడా. ఖురాన్ చదివే పద్ధతుల్లో ఒకటైన హఫ్స్ పఠనం ప్రకారం అచ్చయిన ముస్‌హఫ్ (ఖురాన్ ప్రతి) తెరిస్తే బిస్మిల్లాహ్ పక్కన 1 అంకె ఉంటుంది. చివర ‘సిరాతల్లజీన’ నుంచి ‘వలజ్జాల్లీన్’ దాకా ఒకటే పెద్ద ఆయతు. ఉత్తర, పశ్చిమ ఆఫ్రికాల్లో చదివే వర్ష్ పఠనం ముస్‌హఫ్ తెరిస్తే 1 అంకె ‘అల్‌హమ్దు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్’ తర్వాత ఉంటుంది, చివరి ఆయతు ‘అలైహిమ్’ దగ్గర రెండుగా విడిపోతుంది. మొత్తం మళ్లీ ఏడే. రెండూ చేతిలో ఉంటే ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి, ఈ వివాదం అంతా అరపేజీలో అర్థమైపోతుంది.

ఆయతు కాదనేవాళ్లు చూపే గట్టి ఆధారం ఒక హదీసె ఖుద్సీ, అంటే అల్లాహ్ మాటగా ప్రవక్త (స) చెప్పిన హదీసు (ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనం). ‘నమాజును నాకూ నా దాసుడికీ మధ్య రెండు భాగాలు చేశాను’ అని అల్లాహ్ అంటాడు. ఆ తర్వాత ఒక్కో ఆయతుకూ ఏం జవాబిస్తాడో వరసగా వస్తుంది. ఆ వరస ‘అల్‌హమ్దు లిల్లాహ్’తోనే మొదలవుతుంది. బిస్మిల్లాహ్ ప్రస్తావన అందులో లేదు. ఆయతే అనేవాళ్లు, ఖురాన్ కానిదాన్ని సహాబాలు ముస్‌హఫ్‌లో అదే సిరాతో అదే లిపిలో రాసి ఉండరు కదా అని అడుగుతారు. అది కూడా తేలిగ్గా తోసెయ్యగలిగిన ప్రశ్న కాదు.

మరి నమాజులో పైకి చదవాలా, లోలోపలా?

షాఫయీల దగ్గర అది ఫాతిహాలో భాగం. కాబట్టి వదిలేస్తే ఫాతిహా పూర్తి కాదు, నమాజూ చెల్లదు. పైకి చదివే నమాజుల్లో దీన్నీ పైకే చదువుతారు. హనఫీల దృష్టిలో ఇది ఖురాన్ ఆయతే, కానీ ఫాతిహాలోనిది కాదు, సూరాల మధ్య హద్దుగా దిగింది. కాబట్టి లోలోపల చదువుతారు. హంబలీలు కూడా లోపలే చదువుతారు. మాలికీల ప్రసిద్ధ అభిప్రాయంలో ఫర్జ్ (తప్పనిసరి) నమాజులో అసలు చదవకపోవడమే మేలు, నఫిల్‌లో (ఐచ్ఛిక నమాజులో) చదువుకోవచ్చు. ప్రవక్త (స) వెనకా, ఆయన తర్వాతి ఖలీఫాలు అబూబక్ర్, ఉమర్ (రజి)ల వెనకా తాను నమాజు చేశానని, వాళ్లు ‘అల్‌హమ్దు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్’తో మొదలుపెట్టేవారని ప్రవక్త సహచరుడు అనస్ (రజి) చెప్పిన హదీసును ఈ చర్చలో అందరూ తలా ఒక రకంగా అర్థం చేసుకున్నారు.

వేరే మస్లక్ ఇమామ్ వెనక నిలబడ్డప్పుడు బిస్మిల్లాహ్ వినపడలేదనో, వినపడిందనో టెన్షన్ పడక్కర్లేదు. పన్నెండు వందల ఏళ్లకు పైగా ఒకరి వెనక ఒకరు నమాజు చేస్తూనే ఉన్నారు.

ఇస్లాంకి ముందు అరబ్బులు ఇలా అనేవారా?

‘బిస్మిక అల్లాహుమ్మ’ అనేవారు. ‘ఓ అల్లాహ్, నీ పేరుతో’ అని అర్థం. దీని గురించి బాగా తెలిసేది 628లో, అంటే హిజ్రీ (ఇస్లామీ శకం) 6లో ముస్లింలకూ ఖురైషులకూ మధ్య జరిగిన హుదైబియా ఒప్పందం దగ్గర. రాస్తున్నది అలీ (రజి). ప్రవక్త (స) బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్ అని మొదలుపెట్టమన్నారు. ఖురైషుల తరఫున వచ్చిన సుహైల్ బిన్ అమ్ర్ అడ్డుపడ్డాడు. ‘రహ్మాన్ ఎవరో మాకు తెలీదు. మామూలుగా రాసేట్టే బిస్మిక అల్లాహుమ్మ అని రాయండి’ అన్నాడు. ముస్లింలు ‘ఒప్పుకోం’ అన్నారు. ప్రవక్త (స) మాత్రం ‘అలాగే రాయండి’ అన్నారు. ఆ తర్వాత ‘దైవప్రవక్త’ అన్న మాట దగ్గర కూడా ఇదే పేచీ వచ్చింది, అక్కడా ఆయనే తగ్గారు.

బిస్మిల్లాహ్‌ను పంతానికీ పరపతికీ ముడిపెట్టేవాళ్లు ఈ ఘట్టం ఒకసారి చదవాలి. ఆ వాక్యం ఎవరిమీద దిగిందో ఆయనే, శాంతి కుదరడం కోసం, కాగితం మీద దాన్ని పక్కన పెట్టడానికి ఒప్పుకున్నారు.

ఇది రాసిన పాత ఆధారాలు ఏమైనా మిగిలాయా?

మిగిలాయి. వాటిలో మాకు బాగా నచ్చేది గొర్రెల రసీదు. వియన్నాలో ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయంలో ఉన్న ఒక పపైరస్ ముక్క. ఈజిప్టులో ఉన్న అరబ్బు సైన్యం కోసం అబ్దుల్లా బిన్ జాబిర్ అనే సేనాని ఇహ్నాస్ ప్రాంతంలో 65 గొర్రెలు తీసుకున్నట్టు రాసిచ్చిన చీటీ అది. గ్రీకులోనూ అరబ్బీలోనూ రాశారు. తేదీ హిజ్రీ 22, అంటే 643 ఏప్రిల్. అరబ్బీ భాగంలో మొదటి మాటే బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్. ప్రవక్త (స) కన్నుమూసి అప్పటికి పదకొండేళ్లు కూడా కాలేదు. యుద్ధంలో గెలిచిన సైన్యం ఊరివాళ్ల దగ్గర తీసుకున్న గొర్రెలకు లెక్క రాసి, ఆ లెక్క పైన ఈ వాక్యం పెట్టింది. ‘హద్దు గీసుకోవడం’ అని పైన అన్నదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

తర్వాతివి: జెరూసలేంలోని కుబ్బతుస్సఖ్రా (డోమ్ ఆఫ్ ది రాక్) లోపలి మొజాయిక్ శాసనంలో ఇది ఉంది. దాని మీద తేదీ హిజ్రీ 72, అంటే 691–92. ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ హిజ్రీ 77లో బొమ్మలు లేకుండా కేవలం అక్షరాలతో కొట్టించిన బంగారు దీనారు అంచు చుట్టూ ‘బిస్మిల్లాహ్, ఈ దీనారు డెబ్భై ఏడో సంవత్సరంలో ముద్రితమైంది’ అని ఉంటుంది.

ఏయే సందర్భాల్లో అనాలి?

హదీసుల్లో వచ్చినవి చాలా ఉన్నాయి, అన్నీ ఇక్కడ పట్టవు. భోజనం ముందు సంగతి అందరికీ తెలిసిందే. దాని వెనకున్న హదీసు ఒక పిల్లవాడిది. ఉమర్ బిన్ అబీ సలమా (రజి) ప్రవక్త (స) ఇంట్లో పెరిగారు. తింటున్నప్పుడు తన చెయ్యి పళ్లెం అంతా తిరుగుతుండేదని ఆయనే చెప్పుకున్నారు. ప్రవక్త (స) చూసి, ‘బాబూ, అల్లాహ్ పేరు చెప్పు. కుడిచేత్తో తిను. నీ ముందున్నది తిను’ అన్నారు. అప్పట్నుంచీ తాను అలాగే తింటున్నానని ఆయన అన్నారు. తిట్టలేదు, పళ్లెం లాక్కోలేదు, మూడే మూడు ముక్కలు చెప్పారు. పిల్లలకు బిస్మిల్లాహ్ ఎలా నేర్పాలి అని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

ఇంటి నుంచి బయటికి వెళ్లేటప్పుడు ‘బిస్మిల్లాహి తవక్కల్తు అలల్లాహ్, లా హౌల వలా ఖువ్వత ఇల్లా బిల్లాహ్’ (అల్లాహ్ పేరుతో, అల్లాహ్ మీదే భారం వేశాను, ఆయన వల్ల తప్ప ఏ శక్తీ లేదు) అంటారు. ఇంట్లో అడుగు పెడుతూ అల్లాహ్ పేరు తలిస్తే, ‘ఈ రాత్రి మనకిక్కడ చోటూ లేదు, భోజనమూ లేదు’ అని షైతాను తన వాళ్లతో అంటాడని హదీసు. రాత్రి తలుపు వేస్తూ, దీపం ఆర్పుతూ, నీళ్ల తిత్తి మూతి కడుతూ, గిన్నెల మీద మూత పెడుతూ ఒక్కోదానికీ అల్లాహ్ పేరు చెప్పమన్నారు. ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉంటే అక్కడ చెయ్యి పెట్టి మూడుసార్లు బిస్మిల్లాహ్ అని, తర్వాత ఏడుసార్లు శరణు కోరే దుఆ (ప్రార్థన) చదవమని ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి)కి నేర్పారు. భార్యాభర్తల కలయికకు ముందు చదివే దుఆ బిస్మిల్లాహ్‌తోనే మొదలవుతుంది. జనాజాను (శవాన్ని) సమాధిలోకి దించేటప్పుడు ‘బిస్మిల్లాహి వ అలా మిల్లతి రసూలిల్లాహ్’ (అల్లాహ్ పేరుతో, ఆయన ప్రవక్త మార్గం మీద) అంటారు.

ఇంకొకటి. ప్రయాణంలో వాహనం తడబడితే ఒకాయన ‘షైతాను నాశనం గాను’ అన్నాడు. అలా అంటే షైతాను ఇల్లంత ఉబ్బి అదంతా తన బలమే అనుకుంటాడు, బిస్మిల్లాహ్ అంటే ఈగంత అయిపోతాడు అని ప్రవక్త (స) చెప్పారు.

తినేముందు మర్చిపోతే?

మధ్యలో గుర్తొస్తే ‘బిస్మిల్లాహి అవ్వలహూ వ ఆఖిరహూ’ అనాలి. ‘మొదటా చివరా అల్లాహ్ పేరుతో’ అని అర్థం.

భోజనానికి పూర్తి వాక్యం అనాలా, బిస్మిల్లాహ్ చాలా?

బిస్మిల్లాహ్ చాలు. పూర్తిగా అంటే ఇంకా మంచిదని హదీసు పండితుడు ఇమామ్ నవవీ రాశారు. అది మంచిదనడానికి ప్రత్యేకంగా ఆధారమేదీ తనకు కనపడలేదని ఇంకో హదీసు పండితుడు ఇబ్న్ హజర్ అస్ఖలానీ రాశారు. ఎలా అన్నా చాలామంది తప్పు పట్టరు.

అయితే ప్రతి పనీ బిస్మిల్లాహ్‌తోనే మొదలవ్వాలా?

కాదు. నమాజు ‘అల్లాహు అక్బర్’తో మొదలవుతుంది. అజాన్ కూడా అంతే. ఖుత్బా (మసీదులో చేసే ప్రసంగం) అల్లాహ్ స్తుతితో మొదలవుతుంది. మనిషి ఎదురైతే ముందు సలాం. వాటికి ముందు ఏం చెప్పాలో షరీఅత్ విడిగా చెప్పింది కాబట్టి అక్కడ బిస్మిల్లాహ్ చేర్చక్కర్లేదు.

‘బిస్మిల్లాహ్‌తో మొదలవ్వని ముఖ్యమైన పని ఏదైనా తెగిపోయినట్టే’ అన్న హదీసు బాగా వినిపిస్తుంది. హదీసు పండితుల్లో చాలామంది దీని సనదు (ఒకరి నుంచి ఒకరికి చేరవేసినవాళ్ల వరస) బలహీనమని అన్నారు. ఇదే హదీసు ‘అల్లాహ్ స్తుతితో మొదలవ్వని’ అన్న మాటలతోనూ వచ్చింది, దాని మీదా చర్చ ఉంది. అంతమాత్రాన బిస్మిల్లాహ్‌తో మొదలుపెట్టడానికి ఆధారం లేదని కాదు. సులైమాన్ (అ) లేఖ ఉంది, ప్రవక్త (స) రోమన్ చక్రవర్తి హెరాక్లియస్‌కి రాసిన లేఖ కూడా ఈ వాక్యంతోనే మొదలైంది.

ఎక్కడ అనకూడదు?

హరాం (నిషిద్ధమైన) పనికి ముందు. మద్యం తాగబోతూ, లంచం తీసుకోబోతూ బిస్మిల్లాహ్ అనడం ఆ పేరును ఎగతాళి చేయడమే. అలా అనడం ఈమాన్‌కే (విశ్వాసానికే) ముప్పు అని కొందరు హనఫీ ఫకీహులు (ధర్మశాస్త్ర పండితులు) రాశారు. పైన చెప్పిన దూత సంగతి గుర్తుంటే ఇది వేరే వివరించక్కర్లేదు. మరుగుదొడ్డి లోపల నోటితో అనరు, అడుగు పెట్టే ముందే అనాలి.

‘అఊజు బిల్లాహ్’కీ దీనికీ తేడా ఏమిటి?

‘అఊజు బిల్లాహి మినష్షైతానిర్రజీమ్’ అంటే శపించబడ్డ షైతాను నుంచి అల్లాహ్ శరణు కోరడం. ఖురాన్ చదవబోయేటప్పుడు శరణు కోరమని 16వ సూరా 98వ ఆయతు చెప్పింది. కాబట్టి అది ఖురాన్ పఠనానికి ముందు వస్తుంది. సూరా మొదటినుంచి చదివితే ముందు అఊజు, తర్వాత బిస్మిల్లాహ్. సూరా మధ్యలోంచి అందుకుంటే అఊజు సరిపోతుంది, బిస్మిల్లాహ్ మీ ఇష్టం. తినేముందు అఊజు చదవరు.

ఒక సూరా ముగించి ఇంకోదాంట్లోకి వెళ్లేటప్పుడు తజ్వీద్‌లో (ఖురాన్ ఉచ్చారణ నియమాల్లో) ఒక నియమం ఉంది. పాత సూరా చివర, బిస్మిల్లాహ్, కొత్త సూరా మొదలు, ఈ మూడింటినీ విడివిడిగా ఆపి చదవొచ్చు, మూడింటినీ ఒకే ఊపులో కలపొచ్చు, పాత సూరా దగ్గర ఆగి బిస్మిల్లాహ్‌ను కొత్త సూరాతో కలపొచ్చు. పాత సూరా చివరతో బిస్మిల్లాహ్‌ను కలిపి అక్కడ ఆగడం మాత్రం కుదరదు. బిస్మిల్లాహ్ అయిపోయిన సూరాదని వినేవాళ్లు పొరబడతారు.

జంతువును జిబహ్ చేసేటప్పుడు (కోసేటప్పుడు) రహ్మాన్, రహీమ్ ఎందుకు అనరు?

అక్కడ వచ్చిన మాటే ‘బిస్మిల్లాహి వల్లాహు అక్బర్’. ప్రాణం తీసే సమయం కాబట్టి కరుణ పేర్లు అనరని కొందరు వివరిస్తారు. అల్లాహ్ పేరు చెప్పనిదాన్ని తినొద్దని 6వ సూరా 121వ ఆయతులో ఉంది. హనఫీ, మాలికీల దగ్గర కావాలని వదిలేస్తే ఆ మాంసం హలాల్ కాదు, మర్చిపోతే ఫర్వాలేదు. షాఫయీల దగ్గర అనడం సున్నత్ (ప్రవక్త ఆచారం, తప్పనిసరి కాదు), వదిలేసినా మాంసం హరాం అవదు.

‘వాళ్లు అన్నారో లేదో మాకెలా తెలుస్తుంది?’ అన్న అనుమానం కొత్తదేం కాదు. కొత్తగా ఇస్లాంలోకి వచ్చినవాళ్లు మాంసం తెస్తున్నారు, అల్లాహ్ పేరు చెప్పారో లేదో తెలీదు అని కొందరు ప్రవక్త (స)ని అడిగారు. ‘మీరు అల్లాహ్ పేరు చెప్పుకుని తినండి’ అన్నారు. ఆరా తీయమనలేదు.

786 అంటే బిస్మిల్లాహేనా?

అరబ్బీలో ఒక్కో అక్షరానికీ ఒక్కో అంకె ఇచ్చే ‘అబ్‌జద్’ అనే పాత లెక్క ఉంది. దాని ప్రకారం ‘బిస్మ్’ 102, ‘అల్లాహ్’ 66, ‘అర్రహ్మాన్’ 329, ‘అర్రహీమ్’ 289. కలిపితే 786. లెక్క సరైనదే. కానీ ఖురాన్‌లోనూ హదీసుల్లోనూ ఈ అంకె లేదు. ఇది దక్షిణాసియా అలవాటు. పవిత్ర వాక్యం రాసిన కాగితం కాళ్ల కింద పడకూడదన్న జాగ్రత్తతో అంకె వేయడం మొదలైందని చెబుతారు. ఉద్దేశం మంచిదే. అయితే అంకె వేస్తే బిస్మిల్లాహ్ అన్న పుణ్యం వస్తుందనుకుంటే పొరపాటు. నోటితో అనేస్తే సరిపోతుంది, కాగితం మీద ఏదీ రాయక్కర్లేదు. బండి నంబరు 786 కావాలని డబ్బు కుమ్మరించడం దీనికి ఇంకా దూరం.

ఇన్ని వేలసార్లు చదివితే ఫలానా కోరిక తీరుతుంది అంటారు. నిజమా?

ప్రవక్త (స) నేర్పిన చోట సంఖ్య ఉంది. నొప్పికి మూడుసార్లు అన్నది పైన చూశాం. ఉదయం సాయంత్రం చదివే ‘బిస్మిల్లాహిల్లజీ లా యజుర్రు’ దుఆ కూడా మూడుసార్లే. ఆపైన వేలల్లో చెప్పే లెక్కలకు హదీసుల్లో ఆధారం లేదు, అవి పెద్దల అనుభవాలుగా చెప్పుకునేవి. ఎంతసేపు జిక్ర్ (దైవస్మరణ) చేసినా మంచిదే. ఫలితానికి గ్యారంటీ ఇచ్చి డబ్బు అడిగేవాళ్ల దగ్గర మాత్రం జాగ్రత్త.

వుజూ (నమాజుకు ముందు చేసే శుద్ధి) లేకుండా, బహిష్టు సమయంలో అనొచ్చా?

అనొచ్చు. ఇది జిక్ర్, దుఆ. ప్రవక్త (స) అన్ని వేళల్లోనూ అల్లాహ్‌ను స్మరించేవారని ఆయన భార్య ఆయిషా (రజి) చెప్పారు. అసలు వుజూ మొదలయ్యేదే బిస్మిల్లాహ్‌తో కదా! ఆ బిస్మిల్లాహ్ ఎక్కువమంది దగ్గర సున్నత్, హంబలీల దగ్గర వాజిబ్ (తప్పనిసరి). బహిష్టులో ఖురాన్ పారాయణ గురించి భిన్నాభిప్రాయాలున్నాయి, ఇది ఆ కోవలోకి రాదు.

కాలిగ్రఫీలో ఒక్కో చోట ఒక్కో ఆకారంలో కనిపిస్తుందేం?

అరబ్బీ లిపికళలో ఇంత ఎక్కువగా రాసిన వాక్యం ఇంకోటి ఉండదు. ‘బిస్మ్’లో సీన్ అక్షరాన్ని పొడుగ్గా సాగదీయడం చాలా శైలుల్లో కనిపిస్తుంది. 16వ శతాబ్దపు ఉస్మానియా (ఒట్టోమన్) లిపికారుడు అహ్మద్ కరాహిసారీ కలం ఎత్తకుండా గొలుసులా రాసిన బస్మలా బాగా ప్రసిద్ధి. యూనికోడ్‌లో ఈ మొత్తం వాక్యానికి ఒకే ఒక్క అక్షరం కేటాయించారు. ఫోన్‌లో దాన్ని పేస్ట్ చేస్తే కొన్ని ఫాంట్లలో లైను దాటి పొడుగ్గా పరుచుకుంటుంది, కంగారు పడకండి.

తెలుగులో అంటే చెల్లదా?

నమాజులో అరబ్బీలోనే చదవాలి. జిబహ్ దగ్గర అల్లాహ్ పేరు ఏ భాషలో చెప్పినా చెల్లుతుందని హనఫీ ఫిఖ్ (ధర్మశాస్త్ర) గ్రంథాల్లో ఉంది. మిగతా చోట్ల హదీసులో వచ్చిన అరబ్బీ మాటే మేలు. పైగా అది రెండు క్షణాల పని. నేర్చుకునేటప్పుడు ఒక చిన్న విషయం చూసుకోండి. ‘అల్లాహ్’ అని విడిగా అన్నప్పుడు లామ్ (ల అక్షరం) మందంగా పలుకుతుంది, ‘బిస్మిల్లాహ్’లో ముందు ఇకారం ఉంది కాబట్టి పలచగా పలకాలి.

ముస్లింలు కానివాళ్లు అనొచ్చా?

అనొచ్చు, సాధారణంగా ఎవరూ అభ్యంతరం చెప్పరు. అల్లాహ్ అన్న మాట అరబ్బు క్రైస్తవులు కూడా దేవుడికి వాడేదే. వాళ్ల ప్రార్థన ‘బిస్మిల్ అబి వల్ ఇబ్ని వర్రూహిల్ ఖుదుస్’, అంటే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరిట అని మొదలవుతుంది. ముస్లిం మిత్రుల ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు వాళ్లు ‘బిస్మిల్లా చెయ్యండి’ అంటే మిమ్మల్ని ఏదో మంత్రం చదవమని కాదు, ఇక మొదలుపెట్టండి, తినండి అని.